రాత్రి డ్యూటీ సిస్టర్‌కు, మా బాపు తరఫున

నిన్న సాయంత్రం బాపును ఆసుపత్రి నుంచి ఇంటికి, పరకాల తీసుకొచ్చాం. ఇంకా సరిగ్గా నిద్ర లేదు, అయినా ఇది ఇప్పుడే రాయాలనిపించింది. ఫోన్లు చేసిన అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, ఏమనుకోవద్దు. బాపు బాగానే ఉన్నాడు. గుండె పంపింగ్ తగ్గి ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరింది. వరంగల్‌లో చేర్పించిన రోజు కాలి మీద వేలితో నొక్కితే సొట్ట అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు పాదాల మీద నరాలు కనిపిస్తున్నాయి.

అవ్వ, తమ్ముడు, మరదలు మనోళ్లే, వాళ్ల గురించి ఏం రాస్తాను. నేను చెప్పాలనుకున్నది మా వార్డులో రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్ గురించి. పేరు పెట్టొద్దంది, పెట్టడం లేదు.

ఒంట్లో నీరు దించే లాసిక్స్ మందును నరానికి ఎక్కిస్తే ఐదు నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది. ఇక వెంటవెంటనే మూత్రం. బాత్రూమేమో కారిడార్ చివర. కూతురి చెయ్యి పట్టుకుని రాత్రంతా అటూ ఇటూ నడవడం బాపుకు ప్రాణం మీదికొచ్చింది. మంచంలోనే తడిసిపోయిన రాత్రి గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. సిస్టర్ చూసింది. "అక్కా, కిందికి పోయి చాయ్ తాగి రా" అని నన్ను పంపించింది. నేను వచ్చేసరికి దుప్పటి మారింది, లుంగీ మారింది, బాపు లేచి కూర్చున్నాడు. "ఇయ్యాల లీటరున్నర పోయింది బాపూ. అది లోపల్నే ఉంటే నీకు దమ్ము ఆడదు. మందు పని చేస్తుందంటే ఇదే గుర్తు, దీనికి సిగ్గెందుకు?" అంటోంది. బాపు "అంతేనా బిడ్డా" అన్నాడు. నేను బయటికి వెళ్లి ఏడ్చాను. ముక్కూ మొహం తెలియని మనిషి మా నాయన పరువు కాపాడింది.

అక్కడితో ఆగలేదు. తన డ్యూటీ అయిపోయినా రౌండ్స్ దాకా ఉండి పెద్ద డాక్టరుతో మాట్లాడింది. రాత్రి ఇచ్చే రెండో డోసును మధ్యాహ్నానికి మార్పించింది. ఆ రాత్రి బాపు నిద్రపోయాడు. ఇంజెక్షన్ ఎప్పుడిచ్చినా గడియారం చూసుకుంటూ నెమ్మదిగా ఎక్కించేది, "చెవుల గుయ్యిమంటుందా బాపూ?" అని అడిగేది. తొందరగా ఎక్కిస్తే వినికిడి దెబ్బతినొచ్చట. లేచేటప్పుడు ముందు మంచం అంచున కాసేపు కూర్చోబెట్టేది, బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయని.

చూడటానికి వచ్చినవాళ్లంతా కొబ్బరిబొండాలు తెచ్చారు. మీ ప్రేమకు దండం. కానీ బాపుకు లాసిక్స్‌తో పాటు ఆల్డాక్టోన్ అనే ఇంకో నీరు దించే మందు కూడా నడుస్తోంది. లాసిక్స్ పొటాషియం దించుతుంది, ఆల్డాక్టోన్ పెంచుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, రక్తంలో అది మరీ పెరిగితే గుండెకు ప్రమాదం. డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దని సిస్టరే ఓపిగ్గా చెప్పింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో తెచ్చుకునే గోళీలు కూడా బంద్, అవి ఒంట్లో నీరు నిలబెడతాయి, కిడ్నీల మీద పడతాయి.

ఇంత చేసిన మనిషికి రాత్రిపూట వార్డు మొత్తం ఒక్కదానికే అప్పగించారు. నీళ్లు దించే మందు ఇచ్చే వార్డులో మగవాళ్లకు మంచం దగ్గర పెట్టే మూత్రం డబ్బాలు సరిపడా లేవు. బరువు చూసే కాంటా పనిచేయదు. పొటాషియం పరీక్షకు రక్తం మేమే బయటి ల్యాబుకు మోసుకెళ్లాం. డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లిష్‌లో చేతిలో పెట్టి పంపేస్తారు. అది ఎవరికి అర్థమవ్వాలి? మా అవ్వకా? ఆ కాగితాన్ని కూడా సిస్టరే మా నోటుబుక్కులో తెలుగులో రాసిచ్చింది: రోజూ పొద్దున మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాంటా మీద బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయాలి. రోజుకు లీటరున్నర మించి తాగొద్దని డాక్టరు చెప్పిన దాంట్లో చారు, మజ్జిగ, అంబలి, చాయ్ అన్నీ లెక్కే. తొక్కులు, అప్పడాలు ముట్టొద్దు. ఈ పొద్దున అవ్వ మొదటి గీత కొట్టి బరువు రాయించింది.

సిస్టర్, ఈ పోస్టు మీ దాకా వస్తుందో లేదో. బాపు పొద్దున కూడా "ఆ బిడ్డ తిన్నదా, నిద్రపోయిందా" అని అడిగాడు.

డాక్టర్లకు కూడా కృతజ్ఞతలు. వార్డు ఊడ్చే అక్కకు, వీల్‌చైర్ తోసిన అన్నకు, అర్ధరాత్రి మందుల షాపు తెరిచిన తమ్ముడికి. ఆటో అన్న హన్మకొండ నుంచి ల్యాబు దాకా తిప్పి ఒక్క ట్రిప్పుకే పైసలు తీసుకున్నాడు, ఆయనకు కూడా. అరే, చిన్నమామా, డబ్బు సర్దింది నువ్వే కదా, నీ పేరే రాలేదు. పక్క బెడ్డు ములుగు వాళ్లు మూత్రం కొలవడానికి ఇచ్చిన గీతల జగ్గు మా సామాన్లలో వచ్చేసింది. వాళ్లు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, తమ్ముడు ఆదివారం తెచ్చిస్తాడు.