తాపీ మేస్త్రి బాబాయ్‌కి, మా వంటసాల నుంచి కృతజ్ఞతలు

ఒంటినిండా మసి, కళ్ళు మండుతున్నాయి. అయినా ఇది రాయకుండా పడుకోబుద్ధి కావడం లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో మా అత్తయ్య వంటసాలలో ఇవాళ పొద్దున అరిసెల పాకం పొయ్యెక్కింది. గదిలోకి పొగ రాలేదు. అత్తయ్య ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోకుండా పొయ్యి ముందు నిలబడటం నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఇదే చూడటం. ఇది మాకు ఏమీ కాని ఒక పెద్దాయన చలవ. పేరు రాయొద్దన్నారు, అందుకే మేస్త్రి బాబాయ్ అనే రాస్తాను.

మా ఇల్లు మామయ్యగారి తాతల నాటిది. సున్నంతో కట్టిన ఇటుక గోడలు. వెనక వంటసాల గోడలో కమాను గూడు ఒకటుంది, దాని మీంచి ఇటుక పొగగొట్టం డాబా పైకి పోతుంది. ఆ గూట్లో మట్టిపొయ్యి. అత్తయ్య పిండివంటల ఆర్డర్లన్నీ దాని మీదే. సంక్రాంతి నెలలో పొద్దుట్నుంచి రాత్రిదాకా మూకుడు దిగదు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు పెట్టి అరిసెలు, గవ్వలు, జంతికలు చేస్తే చేతిలో మిగిలేది ఏముండదు. అందుకే సరుగుడు కట్టెలు. వాటి పొగ కొంత పైకి పోయేది, కొంత గదిలోకి, కొంత పక్క అపార్ట్‌మెంట్ కిటికీల్లోకి. వాళ్ళలో ఎవరో ఫిర్యాదు చేశారు. వాళ్ళని తప్పుపట్టను, పసిపిల్లలున్న ఇళ్ళు.

నోటీసు వచ్చింది. గడువులోగా పొగ ఆగకపోతే వంట ఆపించేస్తామని. సరే, ఎలా ఆపాలో చెప్పండి అని నోటీసు పంపిన ఆఫీసుకి వెళ్ళాను. ఒక టేబుల్ దగ్గర ఇంకో టేబుల్ చూపించారు, అక్కడ సార్ లంచ్‌కి వెళ్ళారన్నారు. చివరికి ఒకాయన "పాత ఇల్లు కదమ్మా, పడగొట్టి కట్టుకోండి" అన్నారు. డెబ్బై దాటిన మనిషి చేతి సంపాదన మీద నడుస్తున్న ఇంటికి ఇచ్చే సలహానా అది? ఆపమని రాయడానికి కాగితం ఉంది, సీలు ఉంది. బాగు చేసుకునే దారి చెప్పడానికి ఒక్క మనిషి లేడు. దీని గురించి ఇంకా చాలా రాయాలనుంది. ఇవాళ వద్దు.

మా ఆడపడుచు ఇంగ్లండ్‌లో ఉంటుంది. అక్కడ పాత ఇళ్ళల్లో చలిమంట గూళ్ళు చాలావాటికి ఇలాగే కమాను ఉంటుందట. వాటిలోకి ఇనప పొయ్యి పెట్టెని తోసి బిగిస్తారు, ఇన్‌సెట్ స్టవ్ అంటారట. మంట పెట్టెలోనే ఉంటుంది, పొగ స్టీలు గొట్టంలోంచి నేరుగా పైకి పోతుంది. ఆ ఫొటోలు చూసి ఆటోనగర్‌లో మన వంటకి తగ్గట్టు ఒకటి చేయించాం. సగం గూట్లోకి వెళ్ళాలి, మూకుడు కూర్చునే సగం బయటికి ఉండాలి. పెట్టె బాగానే వచ్చింది. కానీ పెట్టె నలుచదరం, గూడు గుండ్రం. మూలలు కమానుకి తగులుకుని లోపలికి పోలేదు. ఈ చిక్కు ఇంగ్లండ్ ఇళ్ళల్లోనూ ఉంటుందట. కమాను వంపు మొదలయ్యే చోటుకి కిందే సరిపోయే పొట్టి పెట్టె కొనుక్కోవాలి, లేదంటే మిగిలిన సందుని వంపు ప్రకారం కోసిన రేకుతో మూయాలి, లేదంటే కమాను తీసేసి, పైగోడ బరువు మోసే అడ్డ దూలం, అంటే లింటెల్ వేయాలి. మాకు పని ఒప్పుకున్న కాంట్రాక్టరు మూడోది ఎంచుకున్నాడు, అదీ లింటెల్ మాట ఎత్తకుండా. ఇటుక కోసే గ్రైండర్ ఇచ్చి ఒక కుర్రాణ్ణి పంపి, తను ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఆ గ్రైండర్ మోత విని వచ్చారు మేస్త్రి బాబాయ్. సందు చివర టీ బంకు దగ్గర ఉన్నారట. చేతిలో టీ గ్లాసుతోనే తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, అది ఆపించు. ఆ నడిమి ఇటుక కదిలిందా, పైగోడ పిల్లాడి నెత్తిన పడుద్ది" అన్నారు. గ్లాసు కింద పెట్టి కుర్రాడి చెయ్యి పట్టుకుని పక్కకి జరిపారు. తిట్టలేదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసి చూపించారు: పైబరువు కమాను ఇటుకల్లోంచి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ రెండు పక్కలకీ దిగుతుంది, మధ్యలో తీసేస్తే నెట్టేదీ ఉండదు, ఆపేదీ ఉండదు. "పెట్టెని చూసి గోడ కొయ్యకూడదు. గోడని చూసి రేకు కొయ్యాలి" అన్నారు.

ఫ్రిజ్ అట్టపెట్టె అడిగి తీసుకున్నారు. అట్టని కమానుకి అదిమి పట్టి, వంపు వెంట బొగ్గు గీసి, కత్తిరించి, పెట్టి చూసి, మళ్ళీ కత్తిరించారు. ఎడమ వంపు, కుడి వంపు ఒకటి కాదని అప్పుడు తెలిసింది మాకు. ఆ అట్ట ఆటోనగర్ వెళ్ళి ఇనప రేకై తిరిగొచ్చింది. రేకుకీ ఇటుకకీ మధ్య కొద్దిగా సందు ఉంచమన్నారు. ఇనుము వేడికి పెరుగుతుంది, బిగించి పెడితే ఇటుకని చీలుస్తుంది. మా తమ్ముడు మెకానికల్ చదివాడు, తర్వాత లెక్క కట్టి చెప్పాడు, మీటరు ఇనుము 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుందని. బాబాయ్ లెక్క కట్టలేదు, వేలిగోరు పెట్టి చూశారు, అంతే సరిపోయింది. ఆ సందులో వేడికి తట్టుకునే సెరామిక్ తాడు కూరారు. పూర్వం ఆస్‌బెస్టాస్ తాడు వాడేవారట, దాని దుమ్ము ఊపిరితిత్తులు తినేస్తుందని దాన్ని ముట్టుకోనివ్వలేదు. మంట తగిలే చోట సిమెంటు వద్దన్నారు, వేడికి పగిలి రాలిపోతుంది. పెట్టె కింద వేడికి తట్టుకునే ఫైర్ బ్రిక్స్, ఫైర్ క్లే. పాత గోడకి అతుకు మాత్రం సున్నంతోనే.

ఇన్నేళ్ళూ పొగ ఎందుకు వెనక్కొస్తోందో చెప్పింది కూడా ఆయనే. పొగగొట్టం మరీ వెడల్పు. అంత ఖాళీలో పొగ చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. అందుకే సన్నటి స్టీలు గొట్టం పైదాకా వేయించి, చుట్టూ ఉన్న ఖాళీని కింద రేకుతో మూయించారు. పైన పాత పావురాల గూళ్ళు బస్తాల కొద్దీ బయటికొచ్చాయి. గొట్టం పొడవు పెంచి, వాన పడకుండా టోపీ పెట్టించారు, పక్క అపార్ట్‌మెంట్ గోడకి కొట్టుకుని గాలి పొగని కిందికి తోస్తోందట.

ఆయన దగ్గర ఉన్నది ఒక తాపీ, ఒక తూకం గుండు. మిగతా పనిముట్లు ఏవి బాబాయ్ అంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్ నగర్‌లో ఇంట్లో ఉన్నవి ఉన్నట్టే పోయాయన్నారు. తాపీ సైకిల్ సంచిలో ఉండి మిగిలిందట. భవన నిర్మాణ కార్మికుల కార్డు ఉందా అని అడిగాను. కార్డు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి, 1996 చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. సున్నం పని చేయించుకునేవాళ్ళే లేనప్పుడు ఆ రోజులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అరవై దాటితే ఆ కార్మికుల జాబితాలో పేరే ఉండదు. భవనాలు కట్టేవాళ్ళ దగ్గర ఆ కార్మికుల పేరుమీద సెస్సు వసూలు చేస్తారు కదా. ఇలాంటి చేతులకి చేరకపోతే ఆ డబ్బు ఎవరికోసం?

నేను తట్టుకోలేకపోయింది పని గురించి కాదు. మొదటి మంట వేసిన రాత్రి గురించి. చిన్న మంటే వేయమన్నారు, తడి మెల్లగా ఆరాలని. బాగానే లాగింది. మేమంతా అలిసిపోయి పడుకున్నాం, ఆయన ఇంటికి వెళ్ళారనుకున్నాం. తెల్లవారుజామున నీళ్ళకి లేచి వెనక తలుపు తీస్తే మెట్టు మీద కూర్చుని ఉన్నారు, తలకి తువ్వాలు చుట్టుకుని, ఆ మంచులో. కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి పెట్టి ఉన్నాయి. వెళ్ళలేదా బాబాయ్ అంటే, "కొత్త పొయ్యి కదమ్మా. నిప్పు మాగేటప్పుడు బొగ్గుల గాలి వస్తది, వాసన తెలీదు. పక్కగదిలో ఇద్దరు పెద్దోళ్ళు పడుకున్నారు" అన్నారు. కార్బన్ మోనాక్సైడ్ గురించి. రంగు ఉండదు, వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంగ్లండ్‌లో ఇలాంటి పొయ్యి బిగిస్తే ఆ గదిలో అలారం పెట్టాల్సిందేనని ఆడపడుచు ముందే చెప్పింది, మేం ఆర్డర్ పెట్టినది ఇంకా రాలేదు. మా అత్తామామల ఊపిరికి ఆయన రాత్రంతా కాపలా కూర్చున్నారు. వాళ్ళ పేర్లు కూడా ఆయనకి తెలీదు. నేను అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆయన కంగారుపడి, "ఊరుకో తల్లీ, టీ పెట్టు" అన్నారు.

డబ్బు ఇస్తే కూలి వరకే తీసుకున్నారు. ఆ రాత్రికి తీసుకోలేదు. అత్తయ్య మొదటి వాయి అరిసెలు డబ్బాలో పెట్టి ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకున్నారు. బాబాయ్, మీరు ఫోన్‌లో ఇవి చదవరు, మీ మనవరాలు చదివి వినిపిస్తుందన్నారు. వినండి. మీ ఋణం మేం తీర్చుకోలేం. సంక్రాంతికి మీరంతా మా ఇంటికి రావాలి. వన్‌టౌన్‌లో, ఇంకెక్కడైనా పాత సున్నపు ఇళ్ళున్నవాళ్ళు పడగొట్టేముందు నాకు మెసేజ్ పెట్టండి, ఆయన్ని అడిగి కలుపుతాను.

మావారు, తమ్ముడు, అమ్మ అందరూ చేశారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

ఆటోనగర్‌లో రేకు కోసిన అన్నకి థాంక్స్, అట్ట చూసి నవ్వకుండా మిల్లీమీటరు తేడా లేకుండా కోశారు. గ్రైండర్ తెచ్చిన కుర్రాడికి కూడా. ఆ కాంట్రాక్టరుని వదిలేసి చివరిదాకా బాబాయ్ పక్కనే ఉండి సున్నం కలిపాడు, ఇప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు.

అయ్యో, పొగగొట్టం గొట్టాలు తెచ్చిన ట్రాలీ ఆటో అన్న, మా సందులోకి బండి రాదని భుజాన మోసుకొచ్చారు. టీ బంకు అక్క, లెక్క రాసుకోలేదు, ఎంతైందో చెప్పక్కా. పక్క అపార్ట్‌మెంట్ సెకండ్ ఫ్లోర్ వాళ్ళు, మసి కడగడానికి వాళ్ళ మోటారు పైపు ఇచ్చారు. పావురాల గూళ్ళు తీయడానికి డాబా ఎక్కిన ఎలక్ట్రీషియన్ తమ్ముడి పేరు అడగనే లేదు, ఎవరికైనా తెలిస్తే కింద రాయండి, వాడికింకా డబ్బులివ్వాలి.