కూర్చోబెట్టండి, కానీ ఎందుకో చెప్పండి

సంపాదకులు గారికి,

నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్ఫై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరైనవాణ్ణి. కాలేజీ టోర్నమెంట్లు అయ్యాక గెలిచిన జట్ల ఫొటోలు మీ పత్రికలో వస్తుంటాయి. వాటిలో కప్పు పట్టుకున్నవాళ్ల వెనక, జెర్సీకి చెమట మరక కూడా లేని పిల్లలు ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. ఆడే అవకాశం రాక బెంచీ మీదే కూర్చున్న పిల్లలు వాళ్లు. ఈ ఉత్తరం వాళ్ల గురించి.

పోయిన సంక్రాంతికి నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో తరగతిలో నా దగ్గర బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన పిల్ల. ఎత్తు పెద్దగా లేదు గానీ, బంతి చేతిలో ఉంటే తల పైకెత్తి కోర్టంతా చూసేది. పాయింట్ గార్డ్‌కి, అంటే బంతి పంచుతూ జట్టు ఆటను నడిపించే మనిషికి, ముందు ఉండాల్సింది ఆ చూపే. జిల్లా జట్టుకు రెండుసార్లు ఆడింది, స్పోర్ట్స్ కోటాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. మొదటి ఏడాది కాలేజీ జట్టులో, మ్యాచ్ మొదలవగానే కోర్టులోకి దిగే మొదటి అయిదుగురిలో ఉంది. ఇప్పుడు మూడో ఏడాది. కిందటి అంతర్ కళాశాలల పోటీల్లో నాలుగు మ్యాచ్‌లకు కలిపి ఆరు నిమిషాలు ఆడింది.

కనుమ నాడు పొద్దున్నే మా స్కూలు మట్టి కోర్టులో చిన్నపిల్లలతో ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ముందు ఎవరూ లేకపోయినా షాట్ వేయడం లేదు. బంతి అందగానే వేడి పెనం పట్టుకున్నట్టు పక్కవాళ్లకు ఇచ్చేస్తోంది. చివరికి ఒకసారి వేసింది. బంతి ఇంకా గాల్లో ఉండగానే తల తిప్పి సైడ్‌లైన్ వైపు చూసింది. అక్కడ ఎవరున్నారు? స్కూలు ప్రహరీ గోడ, దాని మీద ఎవరో ఆరేసిన దుప్పటి.

"ఎవరిని చూస్తున్నావమ్మా?" అన్నాను. నవ్వబోయి ఏడ్చేసింది.

తర్వాత అరుగు మీద కూర్చుని మెల్లగా చెప్పింది. రెండో ఏడాది ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో వరసగా రెండు లే-అప్‌లు, అంటే రింగు దగ్గరికి పరుగెత్తి వేసే సులువైన షాట్లు, పోగొట్టిందట, ఆ వెంటనే బంతి చేజార్చుకుందట. కోచ్ తీసేసి ఇంకో అమ్మాయిని పంపారు. అందులో తప్పేమీ లేదు. తర్వాతి మ్యాచ్‌కి మొదటి అయిదుగురిలో పేరు లేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఈ పిల్లా అడగలేదు. అక్కణ్ణుంచి ఎప్పుడైనా రెండు నిమిషాలు లోపలికి పంపేవారు, ఒక్క తప్పు జరిగితే మళ్లీ బెంచీ. దాంతో ఆడటం మానేసి, తప్పు చేయకుండా ఉండటం నేర్చుకుంది. "మాస్టారూ, నాకసలు ఆట రాదేమో, మీరే ఎక్కువ అనుకున్నారేమో" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వడం లేదు.

ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్ ఫ్రీ త్రో. ఆ ఫ్రీ త్రో గీత నుంచి బోర్డు 4.6 మీటర్లు. రింగు ఎత్తు 3.05 మీటర్లు. ఇవి ఏ కోర్టులోనూ మారవు. ఈ అమ్మాయి ఆ దూరం నుంచి వేల షాట్లు వేసింది. కానీ "ఇది పోతే నన్ను తీసేస్తారు" అన్న ఆలోచన ఒక్కటి దూరితే చాలు, మోచెయ్యి బిగుసుకుంటుంది, మణికట్టు చివర్లో వదలాల్సినంత వదలదు, బంతి రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. షాట్లు వరసగా ఇలా పొట్టిగా పడుతుంటే మాలాంటివాళ్లు రెండు చూడాలి. మనసులో టెన్షన్ ఉందా, లేక కాళ్లలో సత్తువ లేదా అని.

ఈ పిల్ల విషయంలో రెండూ ఉన్నాయి. రెండో క్వార్టర్‌కే ఆయాసం వస్తోందట, హాస్టల్ మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయట. చెబితే ఫిట్‌నెస్ లేదని జట్టులోంచే తీసేస్తారని దాచింది. రక్త పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 మాత్రమే ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అలాంటప్పుడు అమ్మాయిల జట్టుకు సీజన్ మొదట్లో ఒక్క రక్త పరీక్ష చేయించకుండా "దీనికి కాన్ఫిడెన్స్ పోయింది" అనేయడం అన్యాయం.

అమెరికాలో మార్కెల్ ఫుల్ట్జ్ అనే ఆటగాడు ఉన్నాడు. వాషింగ్టన్ యూనివర్సిటీలో ఒక్క ఏడాది ఆడి, 2017లో అక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు. ఫిలడెల్ఫియా జట్టుకి వెళ్లాక షాట్ వేయడమే మర్చిపోయినట్టు అయిపోయాడు. మొదటి సీజన్‌లో 14 మ్యాచ్‌లే ఆడాడు. ఫ్రీ త్రో దగ్గర అతని చెయ్యి తడబడే వీడియోలు చూసి జనం నవ్వుకున్నారు, అంతా మనసులోనే ఉందని చాలామంది తేల్చేశారు. 2018 డిసెంబరులో పరీక్షల్లో తేలింది, మెడకూ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు ఉందని. చికిత్స తీసుకుని, ఒర్లాండో జట్టులో మళ్లీ నిలదొక్కుకున్నాడు. అంత డబ్బు, అంతమంది డాక్టర్లు ఉన్నచోటే అసలు సంగతి తెలియడానికి అంతకాలం పట్టింది. అడిగే మనిషే లేని మన కాలేజీల్లో ఇలాంటివి ఎన్ని బయటపడకుండా పోతున్నాయో!

కోచ్‌ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. జట్టులో 12 మంది, కోర్టులో అయిదుగురు. 40 నిమిషాల ఆట అంటే పంచాల్సింది 200 నిమిషాలు. అందరికీ సమానంగా పంచితే తలా పదిహేడు నిమిషాలు కూడా రావు. పోటీలో అలా పంచమని నేనూ అనను. పైగా చాలా కాలేజీల్లో ఒక్క పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సారే కోచ్‌గా కబడ్డీ నుంచి అథ్లెటిక్స్ దాకా అన్నీ చూసుకోవాలి, మధ్యలో పరీక్షల డ్యూటీలు. కాబట్టి కూర్చోబెట్టొద్దని అనడం లేదు. చెప్పకుండా కూర్చోబెట్టొద్దు అంటున్నాను.

ఈ తప్పు నేనూ చేశాను. ఒకప్పుడు నా జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఉండేవాడు. వాడి చోట్లో ఇంకొకణ్ణి ఆడించడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు వాడు గ్రౌండుకు రావడం మానేశాడు. చదువు మీద పడ్డాడులే అనుకున్నాను. పదేళ్ల తర్వాత బస్టాండులో కనిపించి, "అప్పుడు మీకు నా మీద కోపం వచ్చిందనుకున్నాను మాస్టారూ" అన్నాడు. నాకు కోపమే లేదు. ఎత్తున్న పిల్లవాడు కొత్తగా చేరాడు, రీబౌండ్లకు, అంటే రింగుకు తగిలి వెనక్కొచ్చే బంతుల్ని అందుకోవడానికి, పనికొస్తాడని ఆ కొత్తవాణ్ణి ఆడించాను, అంతే. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే వాడికి పదేళ్ల బాధ తప్పేది. మనం చెప్పనిచోట పిల్లలు సొంతంగా కారణం ఊహించుకుంటారు, అది అసలు కారణం కంటే ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఈ అమ్మాయి నాన్న ఆటో నడుపుతాడు. ప్రతి మ్యాచ్ అయ్యాక ఫోన్ చేసి "ఎన్ని పాయింట్లు కొట్టావు తల్లీ?" అని అడిగేవాడు. ప్రేమతోనే అడిగేవాడు. ఆ ఫోన్‌కి భయపడి మ్యాచ్ రోజుల్లో ఈ పిల్ల ఫోన్ స్విచాఫ్ చేసేది. ఎన్ని పాయింట్లని కాకుండా, అన్నం తిన్నావా అని అడగండి చాలు.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెబుతూ, 100 మందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని నియమించాలని ఆదేశించింది. మన దగ్గర జరిగిన విషాదం వల్ల వచ్చిన తీర్పు ఇది. దాన్ని మనమే గట్టిగా అమలు చేయాలి. ఈ అమ్మాయి కాలేజీలో కౌన్సెలర్ గది ఉంది, బోర్డూ ఉంది. పనివేళలు మాత్రం సరిగ్గా క్లాసుల సమయంలోనే. అటు వెళ్తే "దానికేదో అయింది" అంటారని ఏ అమ్మాయీ వెళ్లదట. ఆ కౌన్సెలర్ నెలకు రెండు సాయంత్రాలు గ్రౌండుకే వచ్చి కూర్చుంటే ఎంత బాగుంటుంది! ఆడేవాళ్లతోనూ, బెంచీ మీదున్నవాళ్లతోనూ అందరితో మాట్లాడితే ఎవరి మీదా ముద్ర పడదు. అలాగే చుట్టుపక్కల కాలేజీల్లో పెద్దగా ఆడే అవకాశం రానివాళ్లకు ఆదివారాలు ఫ్రెండ్లీ మ్యాచ్‌లు పెట్టాలి. తప్పు చేసినా తీసేయరన్న ధీమాతో ఒక గంట ఆడితేనే, పోయిన షాట్ తిరిగి వస్తుంది. యూనివర్సిటీల స్పోర్ట్స్ బోర్డులు తలుచుకుంటే ఇదేం పెద్ద ఖర్చు కాదు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఐరన్ మాత్రలు వాడుతోంది. ధైర్యం చేసి పీడీ సారును అడిగింది కూడా. ఆయన కసురుకోలేదు. "డిఫెన్స్‌లో ఎడమ వైపుకి ఆలస్యంగా కదులుతున్నావమ్మా, అందుకే" అన్నారట. అది చెప్పడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టింది, వినడానికి ఈ పిల్లకి ఏడాదికి పైగా పట్టింది. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఎడమ అడుగు మీదే కష్టపడుతోంది.

సెలవులయ్యాక కాలేజీల్లో మళ్లీ జట్ల ఎంపికలు మొదలవుతాయి. ఈసారి నోటీసు బోర్డులో జాబితా అంటించే ముందు, అందులో పేరు లేని పిల్లల్ని ఒక్కొక్కరిగా పక్కకు పిలిచి కారణం చెప్పమని, ఏం నేర్చుకుంటే తిరిగి రావచ్చో కూడా చెప్పమని రాష్ట్రంలోని ఫిజికల్ డైరెక్టర్లందరినీ మీ పత్రిక ద్వారా చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఏలూరు