పాత పాయింట్ గార్డ్‌ను మళ్లీ తీసుకునే ముందు: జట్టు జనరల్ మేనేజర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,

నమస్కారం. మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టి ఉంచే ఒక లిగమెంట్) తెగి ఆపరేషన్ చేయించుకున్న మీ పాత పాయింట్ గార్డ్‌ను, అంటే బాస్కెట్‌బాల్‌లో బంతి నడిపించి ఆట సాగించే ఆటగాణ్ని, మళ్లీ జట్టులోకి తీసుకోవాలా వద్దా అని మీరు తర్జనభర్జన పడుతున్నారు. మా మాట ముందే చెప్పేస్తాం: తీసుకోండి. అయితే ఈ సీజన్ వరకే ఒప్పందం రాసుకోండి, బెంచ్ మీంచే, అంటే మ్యాచ్ మొదలయ్యాక వచ్చే ప్రత్యామ్నాయ ఆటగాడిగానే ఆడించండి, అతను కోర్టులో దిగే తేదీని మ్యాచ్‌ల పట్టిక చూసి కాక మోకాలిని చూసి నిర్ణయించండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ ఆలోచన మానుకోండి.

అభిమానుల ప్రేమ సంగతి అటుంచితే, బయటి ఆటగాళ్ల విషయంలో దొరకనిది ఒకటి ఇతని విషయంలో మీ దగ్గరుంది. గాయానికి ముందు మీ ఫిట్‌నెస్ సిబ్బంది తీసిన కొలతలు: తొడ ముందు కండరం బలం, ఒంటికాలి గెంతు ఎత్తు, శరీర బరువు, మ్యాచ్‌లో పరుగు వేగం. అతని అనుమతి తీసుకుని ముందుగా ఆ ఫైలు బయటికి తీయండి. మామూలుగా ఈ పరీక్షల్లో గాయపడిన కాలిని రెండో కాలితో పోలుస్తారు. 90 శాతం వస్తే ఆడవచ్చంటారు. మోసపోయేది ఇక్కడే. నెలల తరబడి ఆట లేక బాగున్న కాలు కూడా బలం కోల్పోతుంది, రెండూ తగ్గాక వాటి మధ్య తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఉదాహరణకు పాత ఫైల్లో ఆ కండరం బలం 250 న్యూటన్ మీటర్లు ఉందనుకోండి. ఇప్పుడు బాగున్న కాలు 210, ఆపరేషన్ అయిన కాలు 191 చూపిస్తే నివేదికలో 91 శాతం అని వస్తుంది. గాయానికి ముందు ఉన్న బలంతో పోలిస్తే అది 76 శాతమే. ఆ 76తో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్) గార్డ్‌ల వెంట పరిగెత్తించకూడదు.

అతని మోకాల్లో ఇప్పుడున్నది మోకాలిచిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి భాగం) నుంచో, తొడ వెనక నుంచో, తొడ ముందు నుంచో తీసి అమర్చిన గ్రాఫ్ట్. తొలి వారాల్లో దానిలోని కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు, కొత్త కణాలు చేరి దాన్ని మెల్లగా లిగమెంట్ లాంటిదిగా మారుస్తాయి. రెండు మూడు నెలల దగ్గర అది అమర్చిన రోజుకంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి తగ్గి, నడక కుదురుకుని, ఆటగాడికి ధైర్యం వస్తుంది. అది పూర్తిగా ముదరడానికి ఏడాది దాటుతుంది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల వరకు, తిరిగి ఆడటాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మోకాలు మళ్లీ గాయపడే ముప్పు సుమారు సగం చొప్పున తగ్గిందని 2016లో వెలువడిన డెలావేర్-ఓస్లో అధ్యయనం తేల్చింది. కాబట్టి తొమ్మిది నెలలు నిండకుండా ప్లేఆఫ్స్ (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలు) వచ్చినా సరే, అతను బెంచ్ వెనక మామూలు బట్టల్లోనే ఉండాలి.

ఎంఆర్ఐ నివేదికతో సరిపెట్టుకోకండి. సర్జన్ రాసిన ఆపరేషన్ నోటు తెప్పించి మీ వైద్యుడితో చదివించండి. మెనిస్కస్‌ను (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్తటి మృదులాస్థిని) కుట్టారా, కొంత కోసి తీసేశారా అన్నది అందులోనే తెలుస్తుంది. ఎక్కువ భాగం తీసేసి ఉంటే ఎముకల మధ్య మెత్త పోయినట్టే. ఆడిన ప్రతిసారీ మోకాలు వాచే అవకాశముంది, ఆ వాపు తొడ ముందు కండరాన్ని సరిగా పనిచేయనివ్వదు. గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారో కూడా అడగండి. మోకాలిచిప్ప కింది నుంచి తీస్తే గెంతినప్పుడు ముందువైపు నొప్పి చాలాకాలం ఉండొచ్చు. తొడ వెనక నుంచి తీస్తే మోకాలు బాగా మడిచినప్పుడు బలం తగ్గుతుంది.

ఒంటికాలితో ముందుకు గెంతించే పరీక్ష ఒక్కటే చూసి తృప్తిపడకండి. మోకాలు చేయాల్సిన పనిని తుంటి, చీలమండ పంచుకుని దూరాన్ని తెచ్చేస్తాయి. అదే కాలితో నిలువుగా గెంతించి, ఫోర్స్ ప్లేట్ (కాలు మోపే బలాన్ని కొలిచే పలక) మీద ఎలా దిగుతున్నాడో చూస్తే లోపం బయటపడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఎటు తిరగాలో ముందే తెలిసిన కసరత్తులో అందరూ బాగానే చేస్తారు. ఏసీఎల్ తెగేది ఎక్కువగా ఎదుటివాడి కదలికకు స్పందించి ఉన్నట్టుండి ఆగినప్పుడు, ఒంటికాలి మీద దిగినప్పుడు, మోకాలు కొద్దిగా మడిచి లోపలికి వాలినప్పుడు. అందుకని కోచ్ చివరి క్షణంలో దిశ చూపించే కసరత్తులు పెట్టించండి.

సాధన మెట్టుమెట్టుగా సాగాలి. ఒంటరిగా షూటింగ్, ఎవరూ అడ్డులేని ముగ్గురి ఆట, ఒకరిపై ఒకరు, ముగ్గురిపై ముగ్గురు, చివరికి ఐదుగురిపై ఐదుగురు. ఒక్కో మెట్టు తర్వాత మరుసటి ఉదయం మోకాలి వాపు చూడాలి. వాపు వస్తే ఒక మెట్టు కిందికి. ఇందులో మినహాయింపులు పెట్టుకుంటే మిగతాదంతా వృథా.

ఆడించడం మొదలయ్యాక మ్యాచ్‌కు 12 నుంచి 15 నిమిషాలు చాలు, అదీ నాలుగైదు నిమిషాల ముక్కలుగా. వరుస రోజుల్లో రెండు మ్యాచ్‌లుంటే రెండోదానికి విశ్రాంతి. గంటసేపు బెంచ్ మీద కూర్చోబెట్టి నాలుగో క్వార్టర్లో హఠాత్తుగా పంపించడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. మొదటి క్వార్టర్ చివర్లో కోర్టులోకి దించండి, ప్రతిసారీ ముందు ఐదు నిమిషాలు సైకిల్ తొక్కించండి. షూటింగ్ తొందరగానే తిరిగొస్తుంది. పక్కకు జరిగి కాపు కాయడం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. ప్రత్యర్థులు అది పసిగట్టి అతనున్న వైపుకే బంతి తెస్తారు, కాబట్టి మొదట్లో అతన్ని ఎదుటి జట్టులోని బలహీనమైన గార్డ్ మీదే ఉంచమని కోచ్‌కు చెప్పండి.

ఎన్‌బీఏ గార్డ్ డెరిక్ రోజ్ ఉదాహరణ మీకు బాగా పనికొస్తుంది. న్యూయార్క్ నిక్స్‌కు ఆడుతూ 2017 ఏప్రిల్‌లో ఎడమ మోకాలి మెనిస్కస్ చిరిగి సీజన్ పోగొట్టుకున్నాడు. 2021 ఫిబ్రవరిలో అదే నిక్స్ అతన్ని డెట్రాయిట్ నుంచి మళ్లీ తెచ్చుకుంది. ఎక్కువగా బెంచ్ మీంచి వచ్చి ఆడాడు, జట్టు 2013 తర్వాత తొలిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది. అక్కడితో ఆగి ఉంటే అది చక్కటి పునరాగమనం. ఆ వేసవిలో మూడేళ్లకు సుమారు 4.3 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చారు. తర్వాతి రెండు సీజన్లలో అతను ఆడినవి 26, 27 మ్యాచ్‌లు, మొదటి ఏడాది చీలమండ ఆపరేషన్ కూడా జరిగింది. తిరిగి తెచ్చుకోవడం ఫలించిందని చూసి దీర్ఘ ఒప్పందం ఇవ్వడంలోనే పొరపాటు.

మరో ఎన్‌బీఏ ఆటగాడు డిమార్కస్ కజిన్స్‌కు 2018 జనవరిలో ఎడమ మడమ వెనకనుండే ఆకిలీస్ టెండన్ తెగింది. దాదాపు ఏడాది ఆగి తిరిగి వచ్చాడు. 2019 ఏప్రిల్‌లో ఎడమ తొడ కండరం, ఆగస్టులో ఎడమ మోకాలి ఏసీఎల్. అన్నీ ఒకే కాలికి. గాయపడిన చోటు మానిందా అని మాత్రమే అడిగితే సరిపోదు, మొత్తం కాలినీ, రెండో మోకాలినీ కూడా పరీక్షించాలి.

ఒప్పందం గురించి. పది రోజుల ఒప్పందంతో చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. జనవరి 5 నుంచి వీలయ్యే ఆ ఒప్పందం పది రోజులో మూడు మ్యాచ్‌లో, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంటుంది. ఒక సీజన్లో ఒకే ఆటగాడికి ఒకే జట్టు రెండుసార్లే ఇవ్వగలదు. అంత తక్కువ వ్యవధిలో తనను తాను నిరూపించుకోవాలని అతను మోకాలు మరిచి ఆడతాడు. సీజన్ చివరి వరకు రాసివ్వండి. పాత గాయం వల్ల ఆడలేకపోతే జీతం హామీ వర్తించదన్న షరతు పెట్టుకునే వీలు ఎన్‌బీఏ ఒప్పందాల్లో ఉంది. వచ్చే ఏడాది మాట వస్తే అప్పుడు వాడుకోండి. ఈ సీజన్ జీతానికి మాత్రం పెట్టకండి. వాపు బయటపెడితే డబ్బు పోతుందని తెలిసినవాడు వాపును దాచిపెడతాడు, ఆ దాచిన వాపు మీదే మీరు అతన్ని ఆడిస్తారు.

సంతకం రోజున విలేకరులకు తిరిగి ఆడే తేదీ చెప్పకండి. చెప్పిన తేదీ కోచ్ మీదా, అతని మీదా ఒత్తిడై కూర్చుంటుంది. అలాగే మోకాలు వాచిన రోజున ఆడించాలా వద్దా అన్నది జట్టు వైద్యుడే తేల్చాలని, కోచ్ గానీ మీరు గానీ ఆ మాట తిరగదోడలేరని సంతకానికి ముందే కాగితం మీద పెట్టండి.

ఇట్లు,
క్రీడా ఫిజియోథెరపీ, ఫిట్‌నెస్ శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు బాస్కెట్‌బాల్ అభిమానులు