సుబ్బరాజుకి, కల్యాణ మండపం విషయంలో

హైదరాబాద్

ఒరేయ్ సుబ్బరాజూ,

నీ ఉత్తరం అందింది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. ఊరి బయట ఏసీ కన్వెన్షన్ హాళ్లు వచ్చాక భీమవరంలో మీ నాన్నగారి కల్యాణ మండపం ఖాళీగా పడి ఉందంటే నాకూ కష్టంగానే ఉంది. కూలగొట్టి ఫ్లాట్లు వేసేద్దామనకుండా, ఉన్న కట్టడాన్నే మరో పనికి వాడదామనుకున్నావు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి.

ముగ్గురు అద్దెకి అడుగుతున్నారన్నావు కదా. రొయ్యల చెరువుల మందులకి గోడౌన్ కావాలన్న ఆయన్ని ముందే పంపించెయ్. అద్దె రెట్టింపు ఇస్తానన్నా వద్దు. 2023 నవంబరులో ఇక్కడ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింది భాగంలో పెట్టిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్న కుటుంబాలు పొగకి చిక్కుకుపోయాయి. మీ మండపం వెనక గోడకి ఆనుకునే ఇళ్లున్నాయి. చెరువుల్లో చల్లే బ్లీచింగ్ పౌడర్‌కి తడి తగిలితే క్లోరిన్ అనే విషవాయువు వదులుతుంది. భీమవరం వానాకాలం సంగతి నీకు నేను చెప్పాలా?

ఇక మిగిలింది డాక్టరు దంపతుల ఆసుపత్రి, గుంటూరు ఆయన కుట్టు మిషన్ల యూనిట్. పై అంతస్తు అంత బరువు మోస్తుందా అని నువ్వు టెన్షన్ పడుతున్నావు కానీ, అసలు నీకు కలిసొచ్చేది అక్కడే. ఐఎస్ 875 అనే భారత ప్రమాణాల కోడ్ ప్రకారం ఇళ్ల శ్లాబుని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు. బిగించిన కుర్చీలు లేకుండా జనం గుమిగూడే హాలుకి 500 కిలోలు తీసుకుంటారు. ఆసుపత్రి వార్డుకి 200, ఆపరేషన్ థియేటరుకి 300, తేలికపాటి యంత్రాలున్న ఫ్యాక్టరీకి 500. అంటే కోడ్ ప్రకారం కట్టిన కల్యాణ మండపం రెండిటికీ సరిపోతుంది. మామూలు ఇల్లయితే ఈ మాట అనగలిగేవాణ్ణి కాదు. అయితే గదుల కోసం ఇటుక గోడలు లేపితే లెక్క తప్పుతుంది. పది అడుగుల ఎత్తు సగం ఇటుక గోడ మీటరు పొడవుకి 600 కిలోలు దాటుతుంది. అందుకే తేలికపాటి బోర్డు గోడలే పెట్టాలి. పైన ఇంకో అంతస్తు వేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. ఆ బంకమట్టి నేలలో పునాది ఏ బరువుకి వేశారో ఆ బరువుకే.

ఇంకో సంగతి. మామూలు భవనాలతో పోలిస్తే ఆసుపత్రులకీ పెద్ద సభా మందిరాలకీ భూకంప బలాన్ని ఒకటిన్నర రెట్లు లెక్కలోకి తీసుకోవాలి. నాన్నగారి ఇంజినీరు అలా చేశాడో లేదో డ్రాయింగులు చూస్తేనే తెలుస్తుంది. అటక మీద ఇనప పెట్టెలో ఉంటాయేమో వెతుకు.

ఆసుపత్రికైతే బరువు కంటే కష్టమైనవి గాలి, నీళ్లు, స్ట్రెచర్ల చక్రాలు. 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి స్పోర్ట్స్ కాంప్లెక్స్‌లో క్రీడాకారుల కోసం కట్టిన 14 అంతస్తుల భవనాన్ని దాదాపు మూడు వారాల్లో 1,500 పడకల టిమ్స్ అనే కొవిడ్ ఆసుపత్రిగా మార్చారు. అది చూసి అందరూ ఏ భవనాన్నైనా అలా మార్చెయ్యొచ్చనుకున్నారు. కొవిడ్ రోగికి కావలసింది వేరు గది, బాత్‌రూమ్, మంచం, ఆక్సిజన్. అలాంటి హాస్టల్‌లో మొదటి మూడూ ముందే ఉంటాయి. మీ మండపంలో బాత్‌రూమ్‌లన్నీ ఒక మూలన ఉన్నాయి. వార్డు వార్డుకీ కావాలంటే శ్లాబు కోసి పైపులు దించాలి. ఎక్కడ కొయ్యాలో ఇనుము స్కాన్ చేసి చూసుకోకుండా ఒక్క కన్నం కూడా పెట్టనివ్వకు. ప్లంబరు ఇష్టమొచ్చినట్టు కోసిన చోట శ్లాబులో రాడ్డు తెగిపోతే ఆ నష్టం పూడ్చడం చాలా కష్టం.

ఆపరేషన్ థియేటరులో గాలి గంటకి 20 సార్లు మారాలి, అదీ సన్నటి ఫిల్టర్ల గుండా. లోపల ఒత్తిడి బయటకంటే కొంచెం ఎక్కువుండాలి, అప్పుడే తలుపు తీసినా బయటి గాలి లోపలికి రాదు. ఆ గాలి తెచ్చే డక్టులకి, అంటే పెద్ద గొట్టాలకి, ఫాల్స్ సీలింగ్ పైన చోటు కావాలి. పది అడుగుల ఇంట్లో ఇరుకైపోతుంది గానీ, మీ హాలు ఎత్తుగా ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. సీటీ స్కాన్, తర్వాతెప్పుడైనా ఎంఆర్ఐ పెడతామంటే అవి కింది అంతస్తులోనే, డైనింగ్ హాలున్న వైపు పెట్టించు. ఎంఆర్ఐ బరువు టన్నుల్లో ఉంటుంది.

నీళ్ల గురించి డాక్టరుగారిని నేరుగా అడుగు. డయాలసిస్ పెడతామన్నారు కదా. ఒక రోగికి నాలుగు గంటల్లో సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీళ్లు కావాలి, ఆర్వో ఫిల్టరులో వృథాగా పోయేవి వేరే. మన దగ్గర బోరు నీళ్లు ఉప్పన. చెరువు నీళ్ల మీద ఆధారపడితే వేసవిలో ఏం చేస్తారు?

ఇప్పుడు చెప్పేది మాత్రం అన్నిటికంటే జాగ్రత్తగా నువ్వు వినాలి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటల్లో మంటలొచ్చి 10 మంది చనిపోయారు. పెళ్లికొచ్చిన వాళ్లు లేచి పరిగెత్తగలరు. మంచం మీదున్న రోగి పరిగెత్తలేడు. అందుకే ఆసుపత్రిలో ఒక అంతస్తుని నిప్పు దాటని గోడలతో, తలుపులతో రెండు భాగాలుగా చేస్తారు. ఒక భాగంలో పొగ వస్తే మంచాన్నే పక్క భాగంలోకి తోసుకుపోతారు. మెట్లు దించే పని తర్వాత. మీకు ఉన్నవి ఒకవైపు మెట్లే. రెండోవైపు మెట్లూ, స్ట్రెచర్ పట్టే లిఫ్టూ కట్టకుండా ఒక్క పడక కూడా పడటానికి వీల్లేదని అగ్రిమెంటులో రాయించు. స్ట్రెచర్లు ఎదురెదురుగా వెళ్లేలా వరండా ఎనిమిది అడుగుల వెడల్పు ఉండాలి. వీటన్నిటికీ పోయే చోటు తీసేస్తే వాళ్లు అనుకుంటున్న యాభై పడకలు పట్టవు. ముప్పై అంటే నమ్ముతాను.

కుట్టు యూనిట్‌కి ఇంత ఖర్చు లేదు. కొత్త వైరింగు, గాలి, రెండో మెట్లు, బట్ట ముక్కలు పేరుకోకుండా చూసుకుంటే చాలు. తొందరగా అద్దె రావాలంటే అదే మంచిది. కానీ నన్నడిగితే, ఆ డాక్టర్లు పైన చెప్పినవాటికి ఒప్పుకుంటే ఆసుపత్రికే ఇవ్వమంటాను. రాత్రిపూట గుండెనొప్పి వస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఎంత దూరం పరిగెత్తాలో నీకు తెలుసు. టైల్స్‌కీ రిసెప్షన్ అద్దాలకీ డబ్బు పెట్టే ముందు మెట్లకీ పైపులకీ పెట్టేవాళ్లేనా అన్నది వాళ్లతో ఒక్కసారి కూర్చుంటే తెలిసిపోతుంది.

అంతవరకు అడ్వాన్స్ తీసుకోకు. పిల్లర్ల దగ్గర పెచ్చులు ఊడి తుప్పు కనబడుతోందేమో చూసి ఫోటోలు పెట్టు. డ్రాయింగులు దొరక్కపోతే కాంక్రీటుని, లోపలి ఇనుముని పరీక్ష చేయించి స్ట్రక్చరల్ రిపోర్టు రాయించుకోవాలి. దానికి మనిషిని నేను పంపిస్తాను. సంక్రాంతికి వచ్చినప్పుడు డాక్టరుగారి దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం.

అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాద్