అమ్మగారితో తెలుగులో మాట్లాడిన ఆసుపత్రి సిబ్బందికి కృతజ్ఞతలు

తెనాలి నుంచి న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చిన మా అమ్మగారు ఆయాసంతో, గుండె దడతో ఆసుపత్రిలో చేరి, కోలుకుని గత వారం ఇంటికి వచ్చారు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల ఆవిడ గుండెలోని మైట్రల్ కవాటం దారి ఇరుకైందని, గుండె లయ తప్పడంతో లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని వైద్యులు తేల్చారు. వారి చికిత్సకు మా కుటుంబం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. అంతకంటే ఎక్కువగా, ఏ విషయమైనా అమ్మగారికి అర్థమయ్యే భాషలో, నేరుగా ఆవిడతోనే మాట్లాడాలని పట్టుబట్టిన వారికి నేను ధన్యవాదాలు చెప్పుకోవాలి.

చేరిన రోజునే నర్సు గారు నన్ను కొడుకుగా పక్కన కూర్చోమని, అనువాదం బాధ్యత తమదని చెప్పి, వీడియోలో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను పిలిపించారు. కొంతసేపటికి నన్ను బయట ఉండమన్నారు. కొడుకు ఎదుట ఏ తల్లీ నోరు విప్పలేని, రక్తస్రావానికి సంబంధించిన ఒక ఇబ్బందిని అమ్మగారు అప్పుడే చెప్పారు (ఆవిడ అనుమతితోనే ఇది రాస్తున్నాను). రక్తం పలచబడే మందు మొదలుపెట్టే ముందు వైద్యులకు తప్పక తెలియవలసిన సంగతి అది. నేనే అనువాదం చేసి ఉంటే అది బయటికి వచ్చేదే కాదు. ఆ ఇంటర్‌ప్రెటర్ పేరు మాకు తెలియదు. తన గుర్తింపు నంబరు మాత్రమే చెప్పారు. ఆ సోదరికి మా అందరి నమస్కారాలు.

రక్తం పలచబడేందుకు ఇచ్చిన ఆ మందు, వార్ఫరిన్, గురించి వివరించిన ఫార్మసిస్టు గారిని ప్రత్యేకంగా తలచుకోవాలి. పచ్చని కూరలు తగ్గించమనే కరపత్రం ఒకటి చేతిలో పెట్టి పంపేయకుండా, మా ఇంట్లో ఏం వండుకుంటారో ముందు అడిగారు. తోటకూర, పాలకూర, మునగాకు, గోంగూర పప్పు, కార్తీక సోమవారాల ఉపవాసం అన్నీ ఓపికగా విన్నారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మందు పనిని తగ్గిస్తుందని, అయినా వాటిని మానేయనక్కరలేదని, ప్రతి వారం దాదాపు ఒకే మోతాదులో తింటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే ఐఎన్ఆర్ పరీక్ష అంకెను 2 నుంచి 3 మధ్య నిలపడం సులువవుతుందని చెప్పారు. ఉపవాసాలకు ముందు, మోకాళ్ల నొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు వేసుకునే ముందు తప్పక తమను అడగమన్నారు.

అర్థమైందా అని అడిగితే మన పెద్దలు డాక్టర్ల మీద గౌరవంతో తల ఊపుతారు. అందుకే ఆయన ఆ ప్రశ్న వేయలేదు. ఒక రోజు మాత్ర మరచిపోతే ఏం చేస్తారని అడిగారు. మర్నాడు రెండు వేసుకుంటానని అమ్మగారు చెప్పగానే, తానే సరిగా వివరించలేదని అంటూ మళ్లీ మొదటి నుంచి చెప్పారు: ఆ రోజే గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు మాత్రం ఎప్పుడూ రెట్టింపు చేయకూడదు. రెండోసారి అమ్మగారు తన మాటల్లో సరిగ్గా చెప్పేదాకా ఆయన కదల్లేదు. టీచ్-బ్యాక్ అనే ఈ పద్ధతిలో పరీక్ష రోగికి కాదు, చెప్పేవారికే. తప్పు చెప్పినా అమ్మగారు చిన్నబుచ్చుకోకపోవడానికి కారణం అదే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన సూచనలను కూడా యంత్రానువాదంతో సరిపెట్టకుండా, అనువాదకుడు సరిచూశాకే తెలుగులో అచ్చువేసి ఇచ్చారు.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఒక విన్నపం. సమాఖ్య ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు అంతగా రాని రోగులకు అర్హత గల ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌర హక్కుల చట్టం, 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టంలోని 1557వ సెక్షన్ వాటిపై ఈ బాధ్యతను ఉంచాయి. అత్యవసర వేళ తాత్కాలికంగా తప్ప, మైనరు పిల్లల చేత అనువాదం చేయించకూడదన్న నిబంధన కూడా ఉంది. నాయనమ్మ జబ్బు గురించి పదేళ్ల మనవడు డాక్టరుకు చెప్పే పరిస్థితి ఏ ఇంటికీ రానక్కరలేదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పండి. వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల కోసమైనా అడగడానికి వెనుకాడకండి.