పార్కు గోడ దాటిన చెట్లు

సంపాదకుడు గారికి నమస్కారం.

రోడ్ల పక్కన అందానికి నాటే కోనోకార్పస్ చెట్లు హాని చేస్తాయా లేదా అని కొన్నేళ్లుగా పేపర్లలో, టీవీల్లో చాలా చర్చ జరిగింది. గుజరాత్ ప్రభుత్వం 2023లో ఆ మొక్క నాటడాన్ని నిషేధించింది. మన దగ్గర కూడా కొన్నిచోట్ల కొట్టేశారు. కానీ నేను చూసినంతవరకు ఆ చెట్టు నాటినచోటే ఉంటుంది. నా దిగులు వేరే చెట్ల గురించి. వాటిని మా పార్కు వెనక కొండ మీద ఎవరూ నాటలేదు. పార్కుల్లోంచి, రోడ్ల పక్కనుంచి అవే పోయి పెరుగుతున్నాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

మాది విశాఖలో ఆరిలోవ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో నిలబడిన చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ తర్వాత నీడ కావాలన్న ఆత్రంలో త్వరగా పెరిగేది ఏది దొరికితే అది నాటాం. మా చిన్న పార్కులో టెకోమా మొక్కలు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. గంటల్లాంటి పసుపుపచ్చని పూలు, ఏడాదిలో ఎక్కువ రోజులు పూస్తాయి, నీళ్లు పోయకపోయినా బతుకుతాయి. అందరికీ నచ్చాయి. దాని కాయ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎండి పగిలితే లోపలి నుంచి పల్చటి రెక్కలున్న గింజలు ఎగురుతాయి. మాది సముద్రపు గాలి ఉన్న ఊరు. ఇప్పుడు పార్కు వెనక కొండవాలు మీద, రాళ్ల సందుల్లో, కాలువ గట్టున కూడా అవే పసుపు పూలు కనిపిస్తున్నాయి. ఒకప్పుడు అక్కడ తంగేడు ఉండేది.

సుబాబుల్ ఇంకా మొండిది. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఈ చెట్టును పశువుల మేతకని, వంటచెరకుకని, కాగితం గుజ్జుకని మన దేశంలో దశాబ్దాల పాటు ప్రోత్సహించారు. పొలంలో రైతు దాన్ని పంటలా కోస్తాడు కాబట్టి అక్కడ అదుపులో ఉంటుంది. పార్కు కంచె పక్కన, ఖాళీ స్థలంలో దాన్ని కోసేవాళ్లెవరు? గుత్తులు గుత్తులుగా కాయలు రాలుతాయి. గింజ పైపొర గట్టిది, మట్టిలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటుంది. చెట్టు కింద దాని మొలకలే ఒత్తుగా లేస్తాయి, ఇంకో మొక్కకు వెలుతురు అందదు. కొట్టేస్తే మోడు నుంచి పది పిలకలు వస్తాయి. ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద ఆక్రమణ జాతులంటూ (అంటే బయటి నుంచి వచ్చి, తామే పాకి, అక్కడివాటిని నెట్టేసేవి) అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఇచ్చిన జాబితాలో ఇది ఉంది. మన పార్కుల్లో ఎర్రగా పూసే ఆఫ్రికన్ టులిప్ చెట్టు కూడా అందులో ఉంది.

ఇప్పుడు ఊరుకుంటే ఏమవుతుందో కేరళలోని వయనాడ్‌లో చూడొచ్చు. అక్కడ సెన్నా స్పెక్టాబిలిస్ అనే చెట్టును నీడ కోసం, అందం కోసం నాటారు. మన తంగేడు జాతిదే, పసుపు పూలు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది అభయారణ్యంలో వంద చదరపు కిలోమీటర్లకు పైగా పాకింది. దాని కింద గడ్డి పెరగదు. జింకలకూ ఏనుగులకూ మేత తగ్గిపోయింది. తమిళనాడు ముదుమలైలో అదే చెట్టును నరికించి కాగితం మిల్లుకు పంపాల్సి వచ్చింది. మనకు కంబాలకొండ అభయారణ్యం ఊరిని ఆనుకునే ఉంది. మా వీధి చివర నుంచి చూస్తే కనిపిస్తుంది. అక్కడ జింకలున్నాయి.

బయటి దేశం చెట్లన్నీ పీకేయమని నేను అనడం లేదు. చింత ఆఫ్రికా నుంచి వచ్చింది, తురాయి మడగాస్కర్‌ది, మన సింహాచలం అనాస అమెరికా ఖండం నుంచి వచ్చింది. అవి మనతో సర్దుకుని బతుకుతున్నాయి. నాటినచోట ఉండే చెట్టును ఉంచుకోవచ్చు. తనంతట తాను పాకే చెట్టునే ఆపాలి. చెట్టు ఏ దేశానిదన్న గొడవలో పడి ఈ తేడా చూడటం మానేశాం.

అధికారులను నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. పార్కులకు మొక్కలిచ్చే నర్సరీల్లో సుబాబుల్, టెకోమా, ఆఫ్రికన్ టులిప్ పెంచడం ఆపండి. పసుపు పూలే కావాలంటే రేల ఉంది. ఎరుపు కావాలంటే మోదుగ ఉంది. నీడకు కానుగ, వాసనకు పొగడ ఉన్నాయి. అవి నెమ్మదిగా పెరుగుతాయి, నిజమే, కొన్నేళ్లు ఓపిక పట్టాలి. ఇప్పటికే పార్కుల్లో ఉన్న పెద్ద చెట్లను ఒక్కసారిగా కొట్టేసి జనాన్ని ఎండలో నిలబెట్టొద్దు. పక్కన మన మొక్క ఎదిగాక ఒక్కొక్కటే తీయండి, అప్పటిదాకా కాయలు ముదరకముందే కోయించండి.

కొండవాలు మీద లేచిన చిన్న మొలకల సంగతి మాత్రం ఈ వానాకాలంలోనే చూడాలి. నేల మెత్తగా ఉన్నప్పుడు చేత్తో లాగితే వేరుతో సహా వస్తాయి. ఇంకో రెండేళ్లు ఆగితే గునపం కావాలి. మా వీధిలో పదిమందిమి ఆదివారం పొద్దున్నే రావడానికి సిద్ధంగా ఉన్నాం. కొండ మీద అడుగు పెట్టడానికి అటవీ శాఖ అనుమతి ఇవ్వాలి. ఏది తంగేడు మొలకో ఏది టెకోమా మొలకో చూపించడానికి మాతో ఒక మనిషిని పంపాలి.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచరు,
ఆరిలోవ, విశాఖపట్నం