మార్కులకు సగటు తీయకూడదు

సంపాదకులకు,

జలవిద్యుత్ ప్రాజెక్టుల సుస్థిరతను అంచనా వేసే గుర్తింపు పొందిన మదింపుదారు కావాలనుకునేవారు 2011 నాటి అంతర్జాతీయ ప్రోటోకాల్ (మదింపు నియమావళి)లోని మార్కుల లెక్కను ముందుగా ఒంటబట్టించుకోవాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ప్రతి అంశానికీ విడిగా 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. 3 అంటే ప్రాథమిక మంచి పద్ధతి, 5 అంటే నిరూపితమైన ఉత్తమ పద్ధతి. 3 స్థాయిని అందుకోవడానికి ఒక ముఖ్యమైన లోపం అడ్డుగా ఉంటే 2, అంతకు మించితే 1. 3కు కావలసినవన్నీ ఉండి, 5 స్థాయికి ఒక్క ముఖ్యమైన లోపమే ఉంటే 4. అలాంటివి ఒకటి కంటే ఎక్కువుంటే 3 దగ్గరే ఆగాలి. వేర్వేరు అంశాల మార్కులు కలిపి సగటు తీస్తే పునరావాసంలోని లోపాన్ని చక్కటి ఆర్థిక నిర్వహణ కప్పేస్తుంది.

2021లో వచ్చిన జలవిద్యుత్ సుస్థిరత ప్రమాణం లెక్క వేరు: అందులో 12 విభాగాలు, ప్రతిదానికీ ప్రాజెక్టు తీర్చాల్సిన కనీస షరతులు ఉంటాయి.

ఇక ఆధారాల సంగతి. పత్రం, ముఖాముఖి, క్షేత్ర పరిశీలన ఒకదానితో ఒకటి సరిపోలాలి. ఆనకట్ట దిగువకు కనీస ప్రవాహం వదులుతున్నామని నివేదికలో ఉంటే చాలదు. గేట్ల లాగ్‌బుక్, దిగువన నీటిమట్టం కొలిచే గేజీ నమోదులు వేసవి నెలలకు విడిగా చూడాలి, ఎందుకంటే వార్షిక సగటులో ఎండిన రోజులు కనబడవు. తర్వాత జాలర్లను అడగాలి. అక్కడ ప్రాజెక్టు ఉద్యోగి ఉండకూడదు, దుబాసీ కూడా ప్రాజెక్టు మనిషి కాకూడదు. దయచేసి శిక్షకులు తరగతి గంటలు తగ్గించైనా ఈ సాధన నది ఒడ్డునే చేయించాలి.

- ఒక పాఠకుడు